ఎర్ర ట్రాక్టరు పాట

ఆ ఏడాది మొక్కజొన్న కోతలకీ మా ఆయన పాటల రికార్డుకీ ఒక్కసారే నెప్పులొచ్చాయి. రెండింటికీ మంత్రసానిని నేనే.

మా ఆయన గేలెన్ పగలు రైతు, పొద్దు గుంకితే పాటగాడు. పాటలు తనే కట్టి, గిటారు వాయిస్తూ పాడతాడు. వాళ్ళన్న వెర్లిన్ డ్రమ్స్ కొడతాడు. మా ఊరు డ్రై ఫోర్క్‌లో చావులకి శవపేటికలూ పూలూ ఏర్పాటు చేసే ఓర్లో ఫిడేలు. ఈ ముగ్గురి బ్యాండు పేరు ‘వెయిట్ లిమిట్’. ఊరి మొదట్లో వంతెన మీద ఇంతకి మించిన బరువు పోరాదని కౌంటీ వాళ్ళు కొట్టిన బోర్డు చూసి కుర్రతనంలో పెట్టుకున్న పేరది. ఇప్పుడు ముగ్గురూ పక్కపక్కన నిలబడితే పొట్టలు చూసి, పేరు బాగా కలిసొచ్చిందంటారు జనం.

మొదటి రికార్డు మా పెళ్ళయిన కొత్తలో వచ్చింది. అమ్ముడుపోని పెట్టెలు ఇంకా మా మెట్లకింద ఉన్నాయి. వాటిమీద మా పిల్లి ఈనింది, దాని కూతురూ ఈనింది.

“ఇది అలా కాదు మార్లిస్,” అన్నాడు గేలెన్ ఆ వేసవిలో. “ఈసారి నిజం పాడుతున్నా.”

మా ఆయన అబద్ధాలు పాడినన్నాళ్ళూ ఇంటికి ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ నిజం పాడటానికి ఖాళీ గాదె కావాల్సి వచ్చింది. పాత గింజలు అమ్మేశాక, కొత్త పంట ఇంకా రాకముందు, ఆగస్టులో మా మామగారు కట్టించిన గుండ్రటి రేకుల గాదె ఖాళీగా ఉంటుంది. అందులోకి మైకులూ తీగలూ డ్రమ్సూ మోయించాడు. బయట ఎండకి కోళ్ళు నోళ్ళు తెరుచుకుని పడుంటే లోపల ముగ్గురు మగాళ్ళు ఆవిరి కుడుముల్లా ఉడుకుతున్నారు. నేను చల్లటి టీ పట్టుకుని గాదె చిన్న తలుపులోంచి వంగి దూరాను.

“చర్చి ఖాళీగానే ఉందిగా, ఫ్యాన్లు కూడా ఉన్నాయి. ఈ రేకు డబ్బా ఏంటి నీకు?” అన్నాను.

“చర్చిలో పాడితే గొంతు దేవుడి దగ్గరికి పోతుంది. ఇక్కడ పాడితే తిరిగి నా దగ్గరికే వస్తుంది.”

“వచ్చి ఏం చేస్తుంది?”

“ఎలా పాడానో చెప్తుంది.”

“అది నేను చెప్పనూ? నాకు మైకు కూడా అక్కర్లేదు.”

ఓర్లో ఫిడేలు చాటున నవ్వుకున్నాడు. వెర్లిన్ నవ్వలేదు. వినపడితే కదా! కోత మిషను మీద పెట్టుకునే చెవి తొడుగులు పెట్టుకుని కూర్చున్నాడు. గాదెలో మోత అలా ఉండేది మరి, ఒక దెబ్బ కొడితే నాలుగై తిరిగొచ్చేది. తాళం మాత్రం తమ్ముడి కాలు చూసి పట్టేవాడు. గేలెన్ బూటు మడమ ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు పడుతుందో, చిన్నప్పట్నుంచీ వెర్లిన్‌కి అదే పాట. మాటలతో అతనికెప్పుడూ పనిలేదు, పాటలోనూ అంతే, ఇంట్లోనూ అంతే.

నాకు ఆ బాధ లేదు గనక మాటలు విన్నాను.

‘ఎర్ర ట్రాక్టరు గూట్లో దీపం, ఇంజను చల్లారిపోయింది. ఇల్లు ఎదురుగానే ఉంది, లోపల పిలిచేవాళ్ళు లేరు. రేడియోవాడు వాన కబురు చెబుతున్నాడు, వినేవాడు దిగడం లేదు…’

టీ జగ్గు కింద పెట్టి బయటికొచ్చేశాను.

మాదీ వెర్లిన్‌దీ ఒకటే వాకిలి. అటో ఇల్లు, ఇటో ఇల్లు, మధ్యలో ట్రాక్టరు షెడ్డు. వెర్లిన్ పెళ్ళాం జెనెల్ ముందటేడు శీతాకాలం సామాను సర్దుకుని లింకన్ పట్నం వెళ్ళిపోయింది. ఎవరితోనూ పోలేదు, ఏ గొడవా లేదు. మాట్లాడని మనిషితో మాట్లాడీ మాట్లాడీ నోరు నొప్పెట్టింది మార్లిస్, అని నాతో అని బండెక్కింది. ఆ రోజు మొదలు వెర్లిన్ పొలం పనయ్యాక ట్రాక్టరు షెడ్డులో పెట్టి, ఇంజను ఆపి, అందులోనే కూర్చునేవాడు. గాజు క్యాబిన్లో చిన్న దీపం, రేడియో. వంటింటి కిటికీలోంచి నాకు రోజూ కనపడేది. పళ్ళెంలో అన్నీ పెట్టి తీసుకెళ్ళి ట్రాక్టరు మెట్టు మీద ఉంచి, “లోపలికొచ్చి తినరాదూ, నలుగురితో?” అనేదాన్ని. “ఈ వార్తలు కానీ,” అనేవాడు. ఆ వార్తలు ఎన్నడూ అయ్యేవి కావు.

ఊళ్ళో అందరికీ తెలుసు. మా దగ్గర అందరికీ తెలిసిన సంగతిని ఆ మనిషి ముందు అనకపోవడమే మర్యాద. ఆ మర్యాదని మా ఆయన గిటారు కట్టి ఊరేగించబోతున్నాడు.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ అడిగాను. “అది మీ అన్న గురించే కదా?”

“పాటది. ఎవరి గురించైనా అనుకోవచ్చు.”

“అతనికి చెప్పావా?”

“చెప్పేదేముంది? వేసవంతా దానికి తనే డ్రమ్స్ కొడుతున్నాడు. ఇష్టం లేకపోతే అనడూ?”

“వెర్లిన్ ఎప్పుడైనా ఏదైనా అన్నాడా? పెళ్ళాం వెళ్ళిపోయిన సంగతే నీకు టపా బండి ఆవిడ చెబితే తెలిసింది.”

“ఊరుకున్నాడంటే ఒప్పుకున్నట్టే. మా ఇంట్లో అంతే.”

“మీ ఇంట్లో అంతే కాబట్టే ఒకామె లింకన్‌లో ఉంది,” అన్నాను. పళ్ళెం తుడుస్తున్న గుడ్డ నా భుజం మీద పడేసి గిటారు దగ్గరికి పోయాడు. వాళ్ళ వంశంలో మగాళ్ళకి జవాబు తోచకపోతే కాళ్ళొస్తాయి.

*

సెప్టెంబరులో, రికార్డు ఇంకా చేతికి రాకముందే, ఆ ఒక్క పాటా మా కౌంటీ రేడియోకి పంపాడు గేలెన్. నాతో అనలేదు.

నేను బడి బస్సు తోలతాను. పొద్దున పిల్లల్ని దింపాక ఆర్డిత్ కాఫీ కొట్టుకి వెళ్ళి ఒక కప్పు తాగితేగాని నాకు తెల్లారదు. ఆ వేళకి రైతులంతా అక్కడే ఉంటారు. గోడవైపు బల్ల దగ్గర ఆకుపచ్చ టోపీలు, కిటికీవైపు ఎర్ర టోపీలు. ఒక్కో ట్రాక్టరు కంపెనీది ఒక్కో రంగు, ఎవరి ట్రాక్టరు ఏ రంగో వాళ్ళ నెత్తిన ఆ రంగు. మా వైపు చర్చి మార్చిన వాళ్ళున్నారు గాని ట్రాక్టరు రంగు మార్చినవాళ్ళు లేరు. మా నాన్న బడిపంతులు గనక నాకీ పట్టింపు పుట్టుకతో రాలేదు, అలవాటైందంతే.

వెర్లిన్ గోడవైపు కూర్చుని ఆమ్లెట్ తింటున్నాడు. రేడియోలో చనిపోయినవాళ్ళ పేర్లు చదివారు, మొక్కజొన్న ధర చెప్పారు, ఎవరిదో పాత కుట్టుమిషను అమ్మకానికుందన్నారు. ఆ తర్వాత, “ఇప్పుడు మన డ్రై ఫోర్క్ కుర్రాళ్ళ కొత్త పాట,” అన్నాడు రేడియో ఆయన. కుర్రాళ్ళన్నందుకు కొట్టంతా నవ్వింది.

డ్రమ్స్ మొదలవగానే వెర్లిన్ ముఖంలో నేనెప్పుడూ చూడనంత సంబరం. చెంచా ఫోర్కూ తీసుకుని బల్ల అంచు మీద తన దెబ్బలు తనే కొట్టుకుంటున్నాడు. పక్కాయన భుజం తట్టాడు. అప్పుడు గేలెన్ గొంతు వచ్చింది. గాదె లేదు, చెవి తొడుగుల్లేవు. ఒక్కో మాటా కడిగి ఆరబెట్టినట్టు వినపడింది.

‘ఎర్ర ట్రాక్టరు గూట్లో దీపం…’

ఫోర్కు ముందాగింది, ఆ వెనక చెంచా. కొట్టులో ఒక్కరూ వెర్లిన్ వంక చూడలేదు. అందరికీ ఒక్కసారే తమ కాఫీలో ఏదో పడ్డట్టు కప్పుల్లోకి వంగారు. పాట చాలా పొడుగుంది. ఇంత పొడుగు పాట ఎందుకు రాశాడా అని నా మొగుణ్ణి ఆ కాసేపట్లో తిట్టినన్ని తిట్లు కాపరంలో తిట్టలేదు.

పాటయ్యాక కిటికీవైపు నుంచి స్ట్రామ్‌క్విస్ట్ అనే ఆయన, ఎర్ర టోపీల్లో పెద్ద రైతు, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు, “డ్రమ్స్ బాగా కొట్టావు వెర్లిన్.”

వెర్లిన్ తల ఊపాడు. ఆమ్లెట్ సగం వదిలేసి, టోపీ సర్దుకుని, తలుపు మెల్లగా వేసి మరీ వెళ్ళాడు. తలుపు బాదినా బాగుండు.

ఆ మధ్యాహ్నం దారిలో వాళ్ళిద్దరి బళ్ళూ ఎదురయ్యాయట. మా దగ్గర తెలిసినవాడైనా తెలియనివాడైనా ఎదురైతే స్టీరింగు మీంచి రెండు వేళ్ళు లేపాలి. వెర్లిన్ లేపలేదు. “నన్ను చూడలేదేమో,” అన్నాడు గేలెన్ ఇంటికొచ్చి. “దారిలో ఆవు ఎదురైనా వేళ్ళు లేపే మనిషి నిన్ను చూడలేదా?” అన్నాను.

ఇక ఊరి గోల వేరు. పాటలో ఉన్నవాడు నోరెత్తలేదు గాని, లేనివాళ్ళంతా నా మీద పడ్డారు. “మీ ఆయన తాగే కాఫీ అంతా నాది, నా కొట్టు గురించి ఒక్క ముక్క రాయడానికి చెయ్యి రాలేదేం?” అని ఆర్డిత్. “నా పెళ్ళాం కూడా వెళ్ళిపోయింది, నా మీద రాయలేదే,” అని మేత అమ్మే కొట్టువాడు. పాస్టరుగారు ప్రార్థనయ్యాక నా చెయ్యి పట్టుకుని, తర్వాతి రికార్డులో దేవుడి పాటేమైనా ఉందా తల్లీ అని అడిగారు. బస్సులో పిల్లలు వెనక సీట్లలో ఎర్ర ట్రాక్టరు పాట పాడుతుంటే అద్దంలోంచి ఉరిమి చూసేదాన్ని. ఒక్క క్షణం ఆపి, ఇంకా గట్టిగా అందుకునేవాళ్ళు.

*

మొక్కజొన్న ఎండింది. కోత మొదలెట్టాలి. పొలం ఇద్దరి పేరనా ఉంది, మిషను ఒకటే. గేలెన్ కోత మిషను తోలితే వెర్లిన్ పక్కనే ట్రాక్టరుతో గింజల బండి లాగాలి, రెండూ నడుస్తుండగానే మిషను తొట్టిలోంచి బండిలోకి గింజ పోయాలి. ఒకడు లేకపోతే రెండోవాడు ఉన్నా లేనట్టే.

మొదటి రోజు వెర్లిన్ రాలేదు. రెండోరోజూ రాలేదు. తన వంతు గొడ్ల మేతా కంచెలూ చూసుకుంటున్నాడు, మేమున్న వైపు మాత్రం రాడు. “నువ్వెళ్ళి పిలువు,” అన్నాను గేలెన్‌తో.

“అతనే రావాలి. నేనేం తప్పు చేశాను? ఒక మంచి పాట రాశాను.”

“అయితే పాటనే పిలువు, వచ్చి బండి లాగుతుంది.”

పాట రాలేదు. నేను లాగాను. పొద్దున బస్సు, పగలు గింజల బండి, సాయంత్రం మళ్ళీ బస్సు. గేలెన్ మిషనులోంచి వాకీటాకీలో అరుస్తాడు.

“ఎడమకి! ఎడమకి అన్నానా!”

“నీ ఎడమా, నా ఎడమా?”

“ఎడమకి రెండు రకాలేంటి? గింజ కిందపోతోంది! ఆపు! ఆపకు! నడుపు!”

“ఆపనా? నడపనా?”

“వెర్లిన్ అయితే…” అని నాలుక కరుచుకున్నాడు. ఆ మాట వాకీటాకీలో ఎంత స్పష్టంగా వినపడిందంటే, నేను బండి పొలం మధ్యలో ఆపేసి, దిగి, మొక్కజొన్న మోళ్ళలో నడుచుకుంటూ ఇంటికొచ్చేశాను. గేలెన్ వెనకాల హారను కొడుతూనే ఉన్నాడు. ఆకాశం పడమటివైపు ఇనుప రంగు తిరుగుతోంది. ఒక గట్టి గాలివాన వచ్చిందంటే ఎండిన కంకులన్నీ నేల పాలే. ఆ సంగతి ఈ ఇద్దరు మగాళ్ళకి నేను చెప్పాలా?

ఆ సాయంత్రం ఓర్లో వచ్చాడు. నల్ల కోటులోనే ఉన్నాడు, ఏదో అంత్యక్రియల నుంచి తిన్నగా వచ్చాడు.

“నా వృత్తిలో ఇలాంటివి రోజూ చూస్తాను మార్లిస్,” అన్నాడు కుర్చీలో కూలబడి. “మాటల్లేని అన్నదమ్ములు మధ్యలో శవం ఉంటే మాట్లాడుకుంటారు. ఇక్కడ మనకి ఆ సౌకర్యం లేదు.”

“ఇంకో రెండు రోజులు బండి తోలితే నేనే సమకూరుస్తాను,” అన్నాను.

ఓర్లో నవ్వలేదు. గేలెన్ వైపు తిరిగాడు. “నీకు తెలియాలి కాబట్టి చెబుతున్నా. వెర్లిన్ నిన్న స్ట్రామ్‌క్విస్ట్ ఇంటికెళ్ళాడు. తన సగం పొలం వచ్చే వసంతం నుంచి కౌలుకి తీసుకుంటావా అని అడిగాడు.”

గేలెన్ గిటారు తీగ బిగిస్తున్నాడు. చెయ్యాగింది. ఆ పొలాన్ని వాళ్ళ నాన్న చెరువు గట్టు దగ్గర్నుంచి తూర్పు చెక్క దాకా ఒక్కటిగా ఉంచడానికి పడ్డ పాట్లు ఆ వంటింట్లో ముగ్గురికీ తెలుసు. అది సగం అయిందంటే మాకు మిగిలేది పొలం కాదు, పెరడు.

“వెళ్ళి మాట్లాడు,” అన్నాడు ఓర్లో.

“ఏం మాట్లాడను?”

“నాకు తెలిస్తే నేనే మాట్లాడేవాణ్ణి.”

గేలెన్ తీగ బిగించడం మళ్ళీ మొదలెట్టాడు. అది తెగిపోయింది. ఇంకో తీగ తెచ్చుకోవడానికి లేచిపోయాడు. నేను చెప్పలేదూ, కాళ్ళొస్తాయని.

*

మర్నాడు పొద్దు వాలుతుండగా నేనే షెడ్డుకి వెళ్ళాను. పళ్ళెం తీసుకెళ్ళలేదు, కోపం తీసుకెళ్ళాను. ట్రాక్టరు మెట్లెక్కి అద్దం మీద దబదబా కొడితే వెర్లిన్ తలుపు తీసి, పక్కనున్న బుల్లి సీటు మీంచి సామాన్లు తీసి కింద పెట్టాడు. ఎక్కి కూర్చున్నాను. ఇద్దరం ఎదుటి గోడ వంక చూస్తున్నాం. రేడియోలో వాన కబురు వస్తోంది.

“ఆదివారం రాత్రి దాకా రాదంటున్నాడు,” అన్నాడు.

“ఊఁ.”

“తూర్పు చెక్కలో గింజ ఎలా ఉంది?”

“నాకేం తెలుసు? నాకు కుడి ఎడమలే తెలియవని మీ తమ్ముడంటున్నాడు.”

అతని పెదవి కొంచెం వంకరైంది. నవ్వనుకోవాలి. చివరికి టోపీ తీసి మోకాలికి తగిలించుకున్నాడు.

“మార్లిస్, ఒకటడుగుతా. ఎరుపేంటి?”

“ఏం ఎరుపు?”

“పాటలో. ఎర్ర ట్రాక్టరంటాడు. మా నాన్న పుట్టి బుద్ధెరిగాక ఈ వాకిట్లోకి ఎర్ర మిషను రాలేదు. దీన్ని ఆయనే కొన్నాడు, ఆయనే నడిపాడు. ఇప్పుడు కౌంటీ అంతా నేను ఎర్ర ట్రాక్టర్లో కూర్చున్నాననుకుంటోంది. స్ట్రామ్‌క్విస్ట్ సరదాకి నాకో ఎర్ర టోపీ ఇచ్చాడు. ఇదిగో.”

కాళ్ళకింద నిజంగానే ఒక ఎర్ర టోపీ పడుంది.

నాకు ఒళ్ళు మండింది. “దీనికా? దీనికోసమా నువ్వు పొలం కౌలుకిస్తానంది? దీనికోసమా నా నడుం విరిగేలా ఆ బండి లాగింది? నేను ఏవేవో అనుకుని, జెనెల్ గురించి ఊరంతా విన్నదని బాధపడుతున్నావనుకుని, రోజూ నిద్దరపట్టక…”

“మిగతాదంతా సరిగ్గానే ఉంది,” అన్నాడు.

ఆ ఎర్ర టోపీని కాలితో సీటు కిందకి తోశాను.

“మిగతాదంతా ఉన్నదే రాశాడు,” అని రేడియో కాస్త పెంచాడు.

మెట్లు దిగి వచ్చేశాను.

గేలెన్‌కి చెబితే నెత్తి పట్టుకున్నాడు. “ఎరుపంటేనే ప్రాస కుదిరింది మార్లిస్! ఆ ఒక్క మాట మీద పాటంతా నిలబడింది. అదీగాక ఆకుపచ్చలో దిగులు లేదు. దిగులంటే ఎరుపు.”

“మీ అన్న ఇన్నాళ్ళూ ఆకుపచ్చలోనే కూర్చుని దిగులుపడ్డాడు. రంగేం అడ్డు రాలేదు.”

“రికార్డులు అచ్చయి వచ్చేశాయి. ఇదిగో, హాలంతా పెట్టెలే. వీటినేం చెయ్యను?”

“పిల్లి చూలుతో ఉంది,” అన్నాను. “దానికి పనికొస్తాయి.”

*

శనివారం సాయంత్రం ఊరి ఫైర్ స్టేషనులో విందు. ఏటా కోతల్లో జరిగేదే. ఫైరింజన్లు రెండూ బయటికి తోలేసి, లోపల బల్లలు వేసి, చిల్లీ అనే చిక్కుడుగింజల మాంసం కూర, దాన్లో నంచుకోవడానికి దాల్చినచెక్క రోల్సనే తీపి రొట్టెలూ పెడతారు. ఈసారి విందులోనే రికార్డు విడుదల. రోల్స్ చేసింది నేను, బల్లలు సర్దింది నేను, రికార్డుల పెట్టెలు మోసింది నేను. ఓర్లో ఆశ చావక డ్రమ్స్ కూడా తెచ్చి వేదిక మీద అమర్చాడు. “పాట మార్చమని చెప్పాను. మారుస్తాడో లేదో నాకు తెలీదు,” అని వెర్లిన్‌కి కబురైతే పెట్టాను.

జనం చిల్లీ సగంలో ఉండగా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ఆకుపచ్చ టోపీ. ఎవరి వంకా చూడకుండా తిన్నగా వెళ్ళి డ్రమ్స్ వెనక కూర్చున్నాడు. గేలెన్ వెనక్కి తిరగలేదు. బూటు మడమ లేపాడు, దించాడు. మొదలెట్టారు.

నాలుగైదు పాటలు బాగానే సాగాయి. ఆ తర్వాత అది వచ్చింది. హాల్లో చెంచాల చప్పుడు తగ్గింది.

‘ఎర్ర ట్రాక్టరు…’ అన్నాడు గేలెన్.

అలవాటున వచ్చిందో, పొగరుకి అన్నాడో నాకిప్పటికీ తెలీదు. అడిగితే ఒక్కోసారి ఒక్కోటి చెబుతాడు. డ్రమ్స్ ఆగిపోయాయి. ఓర్లో ఫిడేలు ఒంటరిగా నాలుగడుగులు పోయి, ఎవరూ వెనక రావడం లేదని తెలిసి నిలబడిపోయింది. వెర్లిన్ పుల్లలు రెండూ ఒళ్ళో పెట్టుకుని తన మోకాళ్ళ వంక చూస్తున్నాడు. ఎవరి పిల్లో ఏడ్చింది, వాళ్ళమ్మ నోట్లో రొట్టె కుక్కింది.

గేలెన్ మెడ వెనక భాగం మాత్రమే వెర్లిన్‌కి కనిపిస్తుంది. నాకు ముఖం కనిపిస్తోంది. ఆ ముఖం నాకు తెలుసు. జవాబు తోచని ముఖం. వేదిక దిగి వెళ్ళిపోతాడనుకున్నాను. తలుపు ఎంత దూరముందో అని కూడా చూశాడు.

గొంతు సవరించుకున్నాడు. “మళ్ళీ,” అన్నాడు మైకులో.

మొదట్నుంచి ఎత్తుకున్నారు. ఆ చోటు వచ్చింది. ‘నాన్న కొన్న ఆకుపచ్చ ట్రాక్టరు గూట్లో దీపం…’

నాన్న అన్న మాట ఆ పాటలో ఏనాడూ లేదు. చోటు లేని చోట అన్ని మాటలు కుక్కేసరికి చరణం గట్టు దాటి పోయింది. దెబ్బ పడాల్సిన వేళకి గేలెన్ ఇంకా ట్రాక్టరు దగ్గరే ఉన్నాడు. వెర్లిన్ పుల్ల పైకెత్తి పట్టుకున్నాడు. కొట్టలేదు. ఆలస్యంగా పరిగెత్తుకొచ్చే పిల్ల ఎక్కేదాకా నేను బస్సు తలుపు తెరిచి పట్టుకుంటానే, అలా పట్టుకుని ఉన్నాడు. తమ్ముడు చివరి మాట దాకా వచ్చాక అప్పుడు కొట్టాడు. ప్రాస మంటగలిసింది. పాట నిలబడింది.

అయిపోగానే ఎర్ర టోపీల బల్ల దగ్గర్నుంచి, “ఎరుపే బాగుంది!” అని కేక. గోడవైపు వాళ్ళు బల్లలు బాదారు. రొట్టె ముక్కలు ఇటూ అటూ ఎగిరాయి. ఊడ్చాల్సింది నేనే కదా.

రికార్డులు పెట్టిన బల్ల దగ్గర జనం మూగారు. అట్ట లోపల పాటల మాటలు అచ్చేసిన కాగితం ఉంది. వెర్లిన్ చక్కా వచ్చి నా కుర్చీలో కూర్చుని, ఓర్లో జేబులోంచి ఒక లావు కలం లాక్కుని, ఒక్కో రికార్డులోంచీ ఆ కాగితం తీసి, ‘ఎర్ర’ కొట్టేసి, పైన ‘ఆకుపచ్చ’ రాసివ్వడం మొదలెట్టాడు.

“నా రికార్డు పాడు చేస్తున్నాడు!” అన్నాడు గేలెన్ నాతో.

“వెళ్ళి చెప్పు.”

వెళ్ళాడు. తీరా వెళ్ళి, డ్రమ్స్ పెట్టె భుజానికెత్తుకుంటూ అన్నాడు, “రేపు చర్చి అయ్యాక తూర్పు చెక్క కోత.”

“చర్చికి ముందే,” అన్నాడు వెర్లిన్ రాస్తూనే. “దేవుడికి తెలుసు గాలివాన సంగతి.”

స్ట్రామ్‌క్విస్ట్ తన రికార్డు ముందుకు తోసి, “నాది కొట్టెయ్యకు, అలాగే ఉంచు. ఇంతకీ ఆ కౌలు మాటేంటి?” అన్నాడు.

“ఆ మట్టిలో నీ ఎర్ర మిషను దిగితే మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడు. ఓర్లోకి మళ్ళీ పని.”

అందరూ నవ్వారు. వెర్లిన్ నవ్వించాడు! నేను చిల్లీ గిన్నెలు ఎత్తుతున్న దాన్ని అలాగే నిలబడిపోయాను. ఆ తర్వాత ఎవరో ఆ ట్రాక్టరు కథ అడిగారు. అంతే. వాళ్ళ నాన్న దాన్ని కొనడానికి వెళ్ళి దారి తప్పిన సంగతి, ఇంటికి తెచ్చాక వాళ్ళమ్మ దాని చుట్టూ తిరిగి ఇది నాకంటే అందంగా ఉందా అని అడిగిన సంగతి, అన్నీ మొదలెట్టాడు. ఆర్డిత్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. “మరి అందులో కూర్చుని ఏం వింటావయ్యా అంతసేపు?” అని అడిగేసింది, ఊరంతా ఇన్నాళ్ళూ అడగనిది. “వాన కబురు. ఆ తర్వాత ఒకామె వంటలు చెబుతుంది. బాగానే చెబుతుంది,” అన్నాడు. ఏం వంటలని ఆర్డిత్. దానిమీద ఇంకో కథ.

బల్లలు మడిచాను. గిన్నెలు కడిగాను. గేలెన్ మైకుల తీగలు చుట్టి, బండిలో పెట్టి, ఇంజను వేసుకుని కూర్చున్నాడు. ఫైరింజన్లు లోపలికి తోలాలని డ్రైవర్లు గుమ్మంలో తాళాలు ఆడిస్తున్నారు. జనం పల్చబడ్డారు. అమ్మడానికి రికార్డులు లేవు, కొట్టెయ్యడానికి కాగితాల్లేవు. వెర్లిన్ ఇంకా అక్కడే, కలం చేత్తో తిప్పుతూ, జెనెల్ పచ్చళ్ళు ఎలా పెట్టేదో ఆర్డిత్‌కి చెబుతున్నాడు.

“వెర్లిన్, పద,” అన్నాను.

“ఆఁ, వస్తున్నా.”

“తలుపులు మూస్తున్నారు.”

“ఈ ఒక్కటీ చెప్పి.”

ఇన్నాళ్ళూ ఈ మనిషిని లోపలికి రమ్మని బతిమాలిన నోటితో ఇప్పుడు బయటికి నడవమని మొత్తుకుంటున్నాను. ఇక చేసేది లేక బకెట్టు తెచ్చి, తడిగుడ్డ కర్రతో నేల తుడుచుకుంటూ, కావాలనే ఆ కర్రని అతని కుర్చీ కిందకి పోనిచ్చాను. వెర్లిన్ మాట ఆపకుండానే రెండు కాళ్ళూ పైకెత్తి పట్టుకున్నాడు, నేను తుడుచుకోవడానికి.